పెరడంతా సిమెంట్ చప్టా పోయించాలా, మట్టిగానే ఉంచాలా?

కావలి_కోడలు
మాది కావలి. అయిదు సెంట్ల స్థలం. ముందు ఇల్లు, వెనక రెండు సెంట్ల దాకా పెరడు. అందులో ఒక వేప, ఒక మునగ, నిమ్మ, కరివేపాకు, నాలుగు అరటి పిలకలు, బట్టలుతికే బండ, మూలన కట్టెల పొయ్యి ఉన్నాయి. మా మామగారు పోయి మూడేళ్లయింది. ఆయన ఉన్నన్నాళ్లూ పెరడు పని ఆయనే చూసుకునేవారు. ఇప్పుడు అదంతా నా మీద పడింది. పొద్దున అయిదింటికి లేచి ఊడవడం మొదలుపెడితే ఆరవుతుంది. శివరాత్రి దాటిందంటే వేపాకు రాలడం మొదలు. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ అంతే. ఆ తర్వాత టిఫిన్, పిల్లల బాక్సులు. ఎనిమిదిన్నరకి నేను కూడా స్కూలుకి పోవాలి, టీచర్ని.

పోయిన ఆదివారం మా ఆయన మేస్త్రిని పిలిపించి కొలతలు వేయించారు. పెరడంతా చప్టా పోయించి పైన టైల్స్ వేయిస్తారట, వేప చెట్టు కొట్టించేస్తారట. టైల్స్ షాపులో అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. "నీ కోసమే కదా" అంటున్నారు. అత్తయ్య రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. ఆ వేప మొక్క ఆమె కాపురానికి వచ్చిన ఏడాది నాటింది. ఇదంతా నేనే చెప్పి చేయిస్తున్నానని అనుకుంటున్నారు, నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు. నేను చెట్టు కొట్టమనలేదు. చాకిరీ ఎక్కువైంది అన్నాను, అంతే. చప్టా పోయించుకున్నవాళ్లు, పోయించుకోనివాళ్లు మీ అనుభవం చెప్పండి.

ఒంగోలు_ఇల్లాలు
పోయించెయ్యండి. ఇంకో ఆలోచన వద్దు. నేను 22 ఏళ్లు పెరడు ఊడ్చాను. నడుం వంచి, పుల్లల చీపురుతో, పండగనాడు కూడా. చెట్టు కింద మంచం వేసుకుని పడుకునేది ఒకరు, ఆ చెట్టు కింద ఊడ్చేది ఇంకొకరు. మూడేళ్ల కింద చప్టా పోయించాం, బకెట్ నీళ్లు కొట్టి తుడిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది.

మేస్త్రి_కొడుకు
అక్కా, మేస్త్రి కొలతలు వేశాడంటే వాటం, అదే నీళ్లు పారే వాలు, ఎటు పెడతాడో అడిగారా? పది అడుగులకి కనీసం అంగుళంన్నర, రెండు అంగుళాల వాటం ఉండాలి. అదీ ఇంటి వైపు కాదు, బయటి వైపు. చాలా ఇళ్లలో ఇక్కడే తప్పు చేస్తారు. నాలుగేళ్లకి చప్టా కుంగుతుంది, నీళ్లు వంటింటి గోడ కింద నిలబడతాయి, గోడకి చెమ్మ పడుతుంది.

ఇంకో మాట. వేప చెట్టు ఉంచి చుట్టూ చప్టా పోయిస్తామంటే మొదలు చుట్టూ కనీసం నాలుగడుగుల పాదు వదలాలి. మొదలు దాకా సిమెంట్ పోస్తే చెట్టు లావెక్కేకొద్దీ పగులుతుంది. నేను నా కళ్లతో చాలా చూశాను.

పొదిలి_పిల్ల
టైల్స్ మాత్రం వద్దక్కా, నా అనుభవంతో చెప్తున్నా. మా అమ్మ పెరట్లో టైల్స్ మీదే జారి పడింది. ముసురు పట్టిన రోజు, సబ్బు నీళ్లు కూడా ఉన్నాయి. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు, ఆరు నెలలు మంచం. మీ అత్తగారి వయసు ఎంత? లోపల గదుల్లో వేసే నున్నటి టైల్స్ పెరట్లో వేయకూడదని మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

కావలి_కోడలు
@పొదిలి_పిల్ల అత్తయ్యకి 68. మోకాళ్ల నొప్పులున్నాయి. మీ అమ్మగారు ఇప్పుడు ఎట్టా ఉన్నారు?

పొదిలి_పిల్ల
కర్ర పట్టుకుని నడుస్తోంది. వంటింట్లోకి కూడా వస్తోంది, ఆపినా ఆగదు.

కందుకూరు_మాస్టారు
అమ్మా, చెట్టు కొట్టే ముందు రెండు సంగతులు తెలుసుకోండి. ఒకటి, మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ఉంది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం. సొంత స్థలంలో చెట్టయినా అనుమతి తీసుకునే కొట్టాలి. రెండోది వాన లెక్క. రెండు సెంట్లంటే దాదాపు 870 చదరపు అడుగులు, 80 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటరు వాన పడితే ఆ స్థలంలో 800 లీటర్ల నీళ్లు పడినట్టు. మనకి జూన్, జూలైలో పడేది తక్కువ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకే అసలు వానలు. తుపాను పట్టిన రోజు పది సెంటీమీటర్లు పడటం మన జిల్లాకి కొత్త కాదు. అంటే ఎనిమిది వేల లీటర్లు. ఇప్పుడు మట్టి కొంత తాగుతోంది. చప్టా పోస్తే అదంతా ఎటు పోవాలి? మీ బోరుకి నీళ్లెక్కడి నుంచి రావాలి?

చెట్టు నీడ విలువ రోహిణి కార్తెలో తెలుస్తుంది. వేపపువ్వు లేని ఉగాది ఎట్టా ఉంటుందో ఆలోచించండి.

ఒంగోలు_ఇల్లాలు
మాస్టారూ, మీ మాట కాదనను. ఒక్కటే అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో పెరడు ఊడ్చేది ఎవరు?

కోవూరు_కుర్రాడు
మాస్టారు చెప్పిన వాన సంగతి నిజం. 2021 నవంబరు గుర్తుందా? సోమశిల నుంచి నీళ్లు వదిలి పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన నెల. మా వీధికి పెన్న నీళ్లు రాలేదు. వచ్చింది వాన నీళ్లే. అంతకు ముందు ఏడాదే పెరడంతా చప్టా పోయించాం. చుక్క ఇంకలేదు. అన్నీ వంటింట్లోకే వచ్చాయి. బియ్యం డబ్బాలు మంచం మీద పెట్టుకుని కూర్చున్నాం. పక్కింటి వాళ్ల మట్టి పెరట్లో మాత్రం వాన ఆగిన రెండు గంటలకి నీళ్లు లేవు.

మేస్త్రి_కొడుకు
@కోవూరు_కుర్రాడు అన్నా, అది చప్టా తప్పు కాదు, వాటం తప్పు. ఇంకుడు గుంత పెట్టారా?

కోవూరు_కుర్రాడు
పెట్టలేదు. ఎవరూ చెప్పలేదు. వాటం ఇంటి వైపే ఉందని కూడా ఆ రోజే తెలిసింది.

కందుకూరు_మాస్టారు
@ఒంగోలు_ఇల్లాలు అడగాల్సిన ప్రశ్నే అడిగారమ్మా. 31 ఏళ్లు మా ఆవిడ ఊడ్చింది. నేను పేపరు చదువుకుంటూ కాఫీ తాగేవాణ్ని. ఊడుస్తోందని చూస్తూనే ఉండేవాణ్ని కానీ అది పని అని నాకు తోచలేదు. 2019లో ఆమెకి మోకాలి ఆపరేషన్ అయింది. అప్పుడు చీపురు పట్టాను. మొదటి రోజు సగం ఊడ్చేసరికి చేతులు బొబ్బలెక్కాయి. ఇప్పుడు 35 నిమిషాల్లో పెరడంతా అవుతుంది. ఆమె మెట్ల మీద కూర్చుని "ఆ మూల వదిలేశారు" అని చూపిస్తుంది. ముప్పై ఏళ్ల ముందే ఆ చీపురు అందుకుని ఉంటే ఆ మోకాలు ఇంకొన్నాళ్లు బాగుండేదేమో అని రోజూ అనుకుంటాను.

చెట్టు ఉంచమన్న మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను.

ఒంగోలు_ఇల్లాలు
మాస్టారూ, మీరు అట్టా చెప్పాక నాకు ఇంకేం అనాలో తెలియడం లేదు. మా ఇంట్లో ఆ మాట ఒక్కరు అని ఉంటే నేను చప్టా అడిగేదాన్ని కాదేమో.

నిమ్మతోట_గూడూరు
చప్టా సంగతి మీరు తేల్చుకోండి కానీ నిమ్మ చెట్టు మొదట్లోకి సబ్బు నీళ్లు పోనివ్వకండి. మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే బంక కారి కుళ్లుతుంది. పాదు చుట్టూ గట్టు, మొదలు దగ్గర మాత్రం కాస్త ఎత్తుగా మట్టి, అట్టా ఉండాలి. మా గూడూరు వైపు తోటల్లో రెండు పాదులు తీసి, మధ్య ఖాళీ వదిలి, బయటి దాంట్లోనే నీళ్లు పెడతారు. ఆకుల మీద, కాయల మీద గరుకు మచ్చలున్నాయా?

కావలి_కోడలు
ఉన్నాయి. పసుపు అంచు ఉంది మచ్చ చుట్టూ.

నిమ్మతోట_గూడూరు
గజ్జి తెగులు. మచ్చలున్న కొమ్మలు కత్తిరించి తీసెయ్యండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పిచికారీ చేయండి. కొట్టాక కొన్నాళ్లు కాయలు కోయకండి, ప్యాకెట్ మీద ఎన్ని రోజులు ఆగాలో ఉంటుంది.

నెల్లూరు_పులుసు
ఎవరూ అసలు విషయం అడగడం లేదు. కట్టెల పొయ్యి తీసేస్తారా ఏంది? చప్టా పోసి టైల్స్ వేసిన పెరట్లో కట్టెల పొయ్యి ఎట్టా పెడతారు? వేడికి టైల్స్ పగిలిపోవూ?

కావలి_కోడలు
తీసేస్తారట. అందుకే అత్తయ్య ఇంకా బాధపడుతున్నారు. ఆదివారం చేపల పులుసు ఆ పొయ్యి మీదే, మట్టి దాకలో ఆమే చేస్తారు. మిగతా వారమంతా వంట నాది. ఆ ఒక్క పూట మాత్రం నన్ను దగ్గరికి రానివ్వరు.

నెల్లూరు_పులుసు
అయితే పొయ్యి తియ్యొద్దు. నా మాట వినండి. బొమ్మిడాయిలు గ్యాస్ మీద చేస్తే ఆ రుచి రాదు. సన్నటి సెగ మీద పులుసు దగ్గరపడాలి, పొద్దున చేసింది రాత్రికి తినాలి, రాత్రి చేసింది మర్నాడు తినాలి. పచ్చి మామిడికాయలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి కూడా.

కోవూరు_కుర్రాడు
మామిడి ముక్కలు పులుసు తెర్లేటప్పుడే వెయ్యాలి, తర్వాత చేప.

నెల్లూరు_పులుసు
అట్టా వేస్తే ముక్క నలిగి పులుసులో కలిసిపోతుంది. చేప వేసిన అయిదు నిమిషాలకి వెయ్యాలి, తొక్కతో సహా. ముక్క ముక్కగా ఉండాలి, కొరికితే పులుపు తెలియాలి.

ఉలవపాడు_తోట
కాయని బట్టి. ముదురు కాయైతే ముందు, లేత కాయైతే వెనక. దీనికి గొడవెందుకు.

పొదిలి_పిల్ల
బొమ్మిడాయిల జిగురు మీరు దేనితో తీస్తారు? మా అమ్మమ్మ బూడిద వేసి బండ మీద రుద్దేది. నేను రాళ్ల ఉప్పుతో రుద్దుతున్నా, ఎంతకీ పోదు.

నెల్లూరు_పులుసు
బూడిదే. అందుకే కట్టెల పొయ్యి ఉండాలనేది. గరుకు బండ కావాలి, బూడిద కావాలి. ఉప్పుతో అయినా పోతుంది కానీ రెండుసార్లు రుద్దాలి, చివర మజ్జిగ నీళ్లతో కడగండి.

ఒంగోలు_ఇల్లాలు
చేపలు కడిగిన నీళ్లు మట్టిలో పోస్తే రెండు రోజులు వాసన, ఈగలు, పిల్లులు. దీనికైనా చప్టా మంచిదని ఒప్పుకోండి.

నెల్లూరు_పులుసు
ఒప్పుకుంటాను. మా ఇంట్లో కూడా బండ చుట్టూ గచ్చే ఉంది.

కనిగిరి_బావి
మాస్టారు వాన నీళ్ల లెక్క చెప్పారు కాబట్టి మా సంగతి. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు గారపట్టి, నడుములు వంగిపోయిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. తాగడానికి క్యాన్లు కొంటాం. బోరు నీళ్లు చవుడు కూడా, కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. మా నాన్న డాబా మీద పడే వాన నీళ్లు పైపులోంచి సిమెంట్ తొట్టిలోకి పట్టే ఏర్పాటు చేశాడు, మొదటి వాన వదిలేసి. పప్పుకి ఆ నీళ్లే వాడతాం, రెండు విజిల్స్‌కి వెన్నలా ఉడుకుతుంది. వాన నీళ్లని కాలవలోకి వదిలేసేవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

సింగరాయకొండ_సీత
తొట్టికి మూత ఉందా? లేకపోతే దోమలు. డెంగీ దోమ మురికి నీళ్లలో కాదు, మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి తొట్లు ఒంపించేది. నేను ఆశా కార్యకర్తని, చాలామంది మట్టి పెరడుంటే దోమలు అంటారు. మట్టి కాదు, మూలన పడేసిన కొబ్బరి చిప్పలు, టైర్లు, పూలకుండీల కింద ప్లేట్లు. అవి చప్టా మీదైనా ఉంటాయి.

కనిగిరి_బావి
మూత ఉంది, పైన వల కూడా కట్టాం.

కావలి_కోడలు
ఆకుల సంగతి ఎవరైనా చెప్పండి. రోజూ రెండు గంపలు వస్తున్నాయి. మున్సిపాలిటీ బండి వాళ్లు అంత తీసుకోరు. కాలబెడితే పక్కింట్లో చిన్న పాపకి ఆయాసం.

కందుకూరు_మాస్టారు
కాల్చకండి. మూలన మూడడుగుల గుంత తీసి ఆకులు, పైన పలచగా పేడ నీళ్లు, మళ్లీ ఆకులు. అయిదారు నెలల్లో ఎరువవుతుంది.

ఉలవపాడు_తోట
మాస్టారూ, మన వైపు గుంత పనికిరాదండీ. అక్టోబరు వానలకి గుంత నిండి కుళ్లు వాసన వస్తుంది. నేలకి పైనే వెయ్యాలి. సిమెంట్ లేకుండా ఇటుకలు సందులు వదిలి గుండ్రంగా నడుమెత్తు పేర్చండి, లేదా కొబ్బరి మట్టల తడిక చుట్టండి. వేపాకు ఒక్కటే వేస్తే నిదానంగా మగ్గుతుంది. అరటి బోదె, కూరగాయల తొక్కలు కలపండి. వారానికోసారి తడి చూసుకోండి, పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. గోడకి ఆనించి మాత్రం పెట్టొద్దు. ఆకుల కుప్ప, గోడ కలిసిన చోట పాములు చేరతాయి.

ఇంకో మాట. ఊడ్చిందంతా ఎత్తక్కర్లేదు. ఒక భాగం అరటి, నిమ్మ పాదుల్లో మందంగా పరిచేస్తే ఎండాకాలం తడి ఆరదు. నడిచే దారి ఊడిస్తే చాలు. పెరడంతా అద్దంలా ఊడవాలని ఎవరు పెట్టారో ఆ నియమం!

కందుకూరు_మాస్టారు
గుంత మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాది మిట్ట, అందుకే నిండలేదు.

ఒంగోలు_ఇల్లాలు
పెరట్లో ఆకు కనపడితే "కోడలు లేదా ఇంట్లో" అంటారు చుట్టాలు. ఆ నియమం అక్కడి నుంచి వచ్చింది.

కావలి_కోడలు
నాలుగు రోజులకి వస్తున్నాను. మాస్టారు రాసిందీ, ఒంగోలు అక్క రాసిందీ మా ఆయనకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. ఆదివారం పొద్దున నేను లేచేసరికి చీపురు చప్పుడు వినిపించింది. గంటా పది నిమిషాలు పట్టింది ఆయనకి. వచ్చి కూర్చుని "ఇది రోజూ చేస్తున్నావా" అన్నారు. పెళ్లయి పదకొండేళ్లు, ఆ మాట వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, వంటింట్లోకి వెళ్లిపోయాను.

అత్తయ్యతో కూడా మాట్లాడాను. చెట్టు కొట్టించమని నేను అనలేదని చెప్పాను. ఆమె చెప్పింది విని ఆశ్చర్యపోయాను. చెట్టు కోసం కాదట బాధ. "మీ మామ పోయాక నా చేత ఏ పనీ కావడం లేదని అంతా సిమెంట్ పోసేస్తున్నారు అనుకున్నా" అన్నారు. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఈ మాట ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇప్పటికి అనుకున్నది ఇది. వెనక గుమ్మం నుంచి ఉతికే బండ దాకా అయిదడుగుల వెడల్పున గరుకు చప్టా, వాటం అరటి పిలకల వైపు. మిగతాది మట్టే. పొయ్యి ఉంటుంది. చెట్టు ఉంటుంది. ఊడవడం వారంలో మూడు రోజులు ఆయన, మూడు రోజులు నేను, ఒక రోజు ఎవరూ ఊడవం. నిమ్మ, కరివేపాకు, ఎరువు కుప్ప అత్తయ్య స్టూలు వేసుకుని చూస్తానన్నారు.

షాపు వాళ్లు అడ్వాన్సు డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు, బదులు వేరే సరుకు తీసుకోమన్నారు. ఏం తీసుకోవాలి?

మేస్త్రి_కొడుకు
పార్కింగ్ టైల్స్ గరుకువి అడగండి, ఆ అయిదడుగులకి సరిపోతాయి. మిగిలిన డబ్బుకి కడప బండలు ఉంటే అడగండి, పొయ్యి దాకా, ఎరువు కుప్ప దాకా అడుగు దూరంలో ఒకటి పరుచుకోండి, మధ్యలో మట్టి వదిలేసి. వానాకాలం బురద తొక్కకుండా నడవొచ్చు.

సింగరాయకొండ_సీత
ఎవరూ ఊడవని రోజు అన్నది నాకు బాగా నచ్చింది.

పొదిలి_పిల్ల
నాక్కూడా. మా ఇంట్లో చెప్పి చూస్తా.

కావలి_కోడలు
బుధవారం ఆయన వంతు, మానేశారు. ఆఫీసులో ఆడిట్ అట. నేను ఊడవలేదు, అట్టాగే వదిలేశాను. సాయంత్రం ఆరింటికి లైటు వేసుకుని ఊడ్చారు.

ఇంకో సందేహం. మునగ చెట్టు డాబా కంటే ఎత్తు పోయింది. కాయలు అందడం లేదు, వానలు పడ్డాక గొంగళి పురుగులు మొద్దు నిండా పట్టి పిల్లలకి దద్దుర్లు వస్తున్నాయి. ఎప్పుడు కొట్టాలి, ఎంత కొట్టాలి?

ఉలవపాడు_తోట
ఇప్పుడు కాపు మీద ఉంటుంది, కొట్టకండి. ఎండాకాలం కాపు అయిపోయాక, జూన్‌లో, మొదలు నుంచి మూడు నాలుగడుగులు ఉంచి కొట్టేయండి. పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి, చేతికందుతాయి. మునగ కొమ్మ పెళుసు, పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. పురుగులు పగలు మొద్దు మీద గుంపుగా ఉన్నప్పుడు పొడుగు కర్రకి గుడ్డ చుట్టి, సబ్బు నీళ్లలో ముంచి రాల్చండి. చేత్తో తాకొద్దు.

ఒంగోలు_ఇల్లాలు
కొట్టిన కొమ్మలు పారెయ్యకండి. చేతి మణికట్టు లావువి, మూడడుగుల పొడుగువి రెండు నాకు ఉంచండి. జూన్‌లో మా చెల్లెలి ఇంటికి కావలి వస్తాను, తీసుకుపోతాను. మా పెరట్లో నాటే చోటు లేదు. చప్టాలో ఒక మూల మూడడుగులు పగలగొట్టిద్దామని మా ఆయనతో అన్నాను, చూద్దాం అన్నారు.

మేస్త్రి_కొడుకు
పగలగొట్టేటప్పుడు గోడకి అయిదడుగుల దూరం ఉంచండక్కా.